బఠాణీ అక్కాచెల్లెళ్లు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం మధ్య భాగాన ఇథాకా అనే ఊరుంది. అక్కడ చలికాలం మంచు కురుస్తుంది, ఎండాకాలం పొద్దు ఎంతకీ గూట్లో పడదు. ఆ ఊళ్లో ఒక గాజుటింట్లో తోటమాలి రెండు బఠాణీ గింజల్ని రెండు కుండీల్లో నాటాడు. రెండూ ఒకే కాయలో పుట్టినవి. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి పోసేవాడు. ముందు రోజు మొలిచింది అక్క అయింది, మర్నాడు మొలిచింది చెల్లెలు.

పొద్దున్నే కుండీలు రెండింటినీ తెచ్చి గాజు గోడ పక్కన బల్ల మీద పెట్టేవాడు. తొమ్మిది గంటల సేపు అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే నిలబడి ఎండ తాగేవాళ్లు. తర్వాత అక్కని ఒక కొట్లోకి, చెల్లెల్ని ఇంకో కొట్లోకి తోసి తలుపులు వేసేసేవాడు. ఎందుకలా చేస్తాడో బల్ల మీది మిగతా మొక్కలకి తెలీదు. తెలుసుకోవాలని కూడా వాటికి అనిపించలేదు.

ఆ బల్లకి పెద్దదిక్కు ఒక కిత్తనార. ఎన్నో ఏళ్లుగా ఒకే కుండీలో ఉంది, ఇంతవరకూ పూయలేదు. తన జాతి జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూసి కాసి చచ్చిపోతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టి చావు పుట్టుకల మీద మాట్లాడే హక్కు తనకే ఉందనుకునేది. దాని పక్కనే ఒక టమాటా. తాత మాటకి తాళం వేయడం దాని పని.

బఠాణీలు నులితీగలు చాచి, పుల్లలు పట్టుకుని పైకి ఎగబాకాయి. అక్క ముందు పూసింది, కొంచెం ఆలస్యంగా చెల్లెలు కూడా పూసింది. ఇద్దరికీ కాయలు దిగాయి. అంతవరకూ ఇద్దరి మధ్యా ఎంచదగ్గ తేడా ఏదీ లేదు.

కాయల్లో గింజ గట్టిపడే వేళకి అక్క తల మీది చివురు చిన్నబోవడం మొదలైంది.

"అక్కా, నీ కొన ఆగిపోయిందేం?" అంది చెల్లెలు.

"ఏమో చెల్లీ. పైకి పోవాలన్న ధ్యాసే లేదు. ఆకులు వండిందంతా కాయల్లోకి జారిపోతోంది. నాకు కొంచెం మిగుల్చుకుందామని కూడా అనిపించట్లేదు."

"నాకూ కాయలున్నాయి కదా. అవి తినేది తింటూనే ఉన్నాయి. నా కొన మాత్రం ఆగట్లేదు."

అక్క జవాబు చెప్పలేదు. కింది ఆకులు పసుపెక్కాయి, పై ఆకులు వాటి దారి పట్టాయి. చివురు ముడుచుకుని ఎండింది. కాయలన్నీ ఒకేసారి చిటపటలాడే వేళకి ఆ తీగలో పచ్చదనం చుక్క కూడా లేదు. తోటమాలి కాయలు కోసి, కాగితపు సంచిలో పోసుకుని, ఎండుతీగని పీకి పారేశాడు.

కిత్తనార గొంతు సవరించుకుంది. "తల్లంటే అలా ఉండాలి. ఒంట్లో ఉన్న చివరి బొట్టు దాకా బిడ్డలకే పెట్టింది. ఈ బల్ల మీద ఇంత గొప్ప చావు నేను చూడలేదు."

"ఎంత త్యాగం తాతా!" అంది టమాటా. అని, చెల్లెలి వైపు తిరిగింది. "కొందరున్నారు. బిడ్డల్ని కన్నాక కూడా కొత్త ఆకులు, కొత్త పూలు, కొత్త షోకులు. ఒకపక్క కింది కాయలు ఎండుతున్నాయి, ఇంకోపక్క పైన పూత! సిగ్గుండాలి."

చెల్లెలికి నిజంగానే సిగ్గేసింది. ఆ సాయంత్రం కొట్లోకి వెళ్లాక ఇక పెరగకూడదని గట్టిగా అనుకుంది. తెల్లారేసరికి ఇంకో ఆకు విప్పుకుని ఉంది. మర్నాడూ అంతే. చావడం తన చేతిలో లేదని తెలిశాక సిగ్గు మరీ ఎక్కువైంది.

ఇంతలో తోటమాలి అదే వంశానికి చెందిన మూడో బఠాణీని తెచ్చి, రాత్రిళ్లు అక్క ఉండిన కొట్లోనే పెట్టాడు. అది పూసిన పువ్వునల్లా పూసినట్టే గిల్లేశాడు. ఒక్క కాయ దిగనివ్వలేదు. ఆ మొక్క చావలేదు. అక్క ఎండిపోయిన వయసు దాటినా కొన పచ్చగా పైకి పోతూనే ఉంది.

కిత్తనారకి పట్టరాని సంతోషం. "నేను చెప్పలేదూ? బిడ్డలు లేనిదానికి చావు లేదు. బిడ్డలే చావు. ఇది లోక ధర్మం."

"మరి నా కాయలో తాతా?" అంది చెల్లెలు. "నాకు బిడ్డలున్నారు. నేనూ బతికే ఉన్నాను."

కిత్తనార కాసేపు ఆలోచించింది. "నువ్వు వాటికి సరిగ్గా పెట్టట్లేదు," అంది.

ఆ జవాబు అందరికీ నచ్చింది. తాత సిద్ధాంతం చెక్కుచెదరలేదు, చెల్లెలి పరువు ఇంకొంచెం పోయింది.

ఆ రాత్రి చీకటి కొట్లో చెల్లెలి కుండీ అంచు మీదికి ఒక ఎలుక ఎక్కింది. రోజూ వచ్చేదే. కింద రాలిన గింజలు ఏరుకు తింటుంది, ఒక్కోసారి రాలనివి కూడా.

"మామా," అంది చెల్లెలు, "నువ్వు ఇల్లంతా తిరుగుతావు కదా. మా అక్క గదిలోకి ఎప్పుడైనా వెళ్లావా?"

"వెళ్లకేం కోడలా, ఒకసారి వెళ్లాను. మళ్లీ అటు పోలేదు. అక్కడ నాకు రాత్రి దొరకదు."

"అంటే?"

"ఇక్కడ నీకు పదిహేను గంటల చీకటి. నేను పెళ్లాం పిల్లల్తో వచ్చి తీరిగ్గా భోంచేసి పోవచ్చు. ఆ కొట్లో తలుపు వేశాక ఒక గుడ్డి దీపం వెలుగుతుంది. మీ ఎండ తొమ్మిది గంటలయితే, దాని మీద ఇంకో తొమ్మిది గంటలు అది అలా వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపంతో వంట చేయాలంటే మీ ఆకులకి ఏ మూలకీ చాలదు. కానీ పగలు ఇంకా అయిపోలేదని చెప్పడానికి అది చాలు. అది ఆరాక ఆరు గంటల చీకటి మిగులుతుంది. అంతలో నేను దారి చూసుకోవాలి, తినాలి, పిల్లితో వేగాలి. నాకు గిట్టుబాటు కాదు."

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. "అక్క ఆ దీపం సంగతి నాకెప్పుడూ చెప్పలేదు," అంది చివరికి.

"ఏం చెబుతుంది? పగలంటే అంతేననుకుని ఉంటుంది."

మర్నాడు ఎలుక చెప్పింది చెప్పినట్టు బల్ల మీద చెప్పింది చెల్లెలు. ఎవరూ నమ్మలేదు. గింజలు దొంగిలించేవాడి సాక్ష్యం ఏం సాక్ష్యమంది టమాటా. కొన్నాళ్లకి తోటమాలి నాలుగో బఠాణీని దీపం గదిలో పెట్టి, దాని కొన మీద ఏదో మందు చుక్క వేస్తూ వచ్చాడు. అది పూసింది, కాసింది, కాయలున్నా అక్కలా తొందరగా వడలలేదు. కిత్తనార అటు చూడనట్టే ఊరుకుంది.

తర్వాత తోటమాలి కాగితపు సంచులు విప్పాడు. త్యాగమూర్తి అక్క గింజల్ని చీకటి కొట్టు మొక్కలుగా పెంచాడు, సిగ్గులేని చెల్లెలి గింజల్ని దీపం కొట్టుకి పంపాడు. అక్క కూతుళ్లు కాయల మీద కాయలు కాస్తూ, పైన చివుళ్లు వేస్తూ ఆగకుండా పెరిగారు. చెల్లెలి కూతుళ్లు కాయలు పండేసరికి తలలు వాల్చి, అందరూ ఒకేసారి ఎండిపోయారు.

టమాటా అయోమయంగా చూసింది. "తాతా, ఇప్పుడు ఎవర్ని మెచ్చుకోవాలి?"

"సంస్కారం ఒక తరం ఆగి వస్తుంది," అంది కిత్తనార.

నీతి: ఒకరి త్యాగాన్నో స్వార్థాన్నో తూచే ముందు వాళ్ల పగలు ఎంత పొడుగో అడగాలి.

కథలో కిత్తనార, టమాటా, ఎలుక నా కల్పన. బఠాణీల సంగతి కాదు. ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీటర్ డేవిస్, ఆయన సహచరులు జీ2 అనే బఠాణీ వంశం మీద ఏళ్ల తరబడి పని చేశారు. ప్రోబ్‌స్టింగ్, డేవిస్, మార్క్స్ కలిసి 1978లో వేసిన వ్యాసం దగ్గర్నుంచి ఆ పని వరసగా కనిపిస్తుంది. జీ2కి పగలు పొడుగైనా పొట్టిదైనా పూత, కాత రెండూ వస్తాయి. పగలు పొడుగైతేనే చస్తుంది. అదీ కాయలుంటేనే. పూలు గిల్లేస్తే పొడుగు పగట్లో కూడా బతుకుతుంది. అంటే చావుకి రెండు సంతకాలు కావాలి, ఒకటి కాయది, రెండోది పొద్దుది. కిత్తనార తప్పు ఏమిటంటే మొదటి సంతకం చూసి కాగితం పూర్తయిందనుకోవడం.

ఆ తప్పు మరీ హాస్యాస్పదమైనదేం కాదు, పెద్దవాళ్లు కూడా చేశారు. 1920ల చివర్లో హాన్స్ మోలిష్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల ఆయుష్షు మీద ఒక పుస్తకం రాశాడు. కాయలు కాసే పనిలో తల్లిమొక్క పోషకాలు అయిపోయి ఎండిపోతుందని ఆయన వాదం. 1961లో లాక్‌హార్ట్, గాట్‌షాల్ బఠాణీల మీద చేసిన పని కూడా కాయలు తీసేస్తే కొన చావదని చూపించింది. రెండూ కలిపితే కథ పూర్తయినట్టే కనిపిస్తుంది: కొనేవాళ్లు ఎక్కువై కొట్లో సరుకు అయిపోయింది. కానీ పొట్టి పగళ్లలో అదే మొక్క కాయలూ కాస్తోంది, కొనా పెంచుతోంది. సరుకు అయిపోవడమే కారణమైతే అది ఎలా కుదురుతుంది?

జవాబు పంపకంలో ఉంది. ఆకు తయారు చేసిన చక్కెరలో ఎవరి వాటా ఎంత అన్నది పగటి పొడుగుతో మారుతుందని డేవిస్ బృందం చూపించింది. పగలు పొడుగైతే పూమొగ్గల వైపు, కాయల వైపు ఎక్కువ పోతుంది, అవి తొందరగా ముదురుతాయి. పొట్టిదైతే కొనకి కూడా దండిగా అందుతుంది. ఈ పంపకంలో చెయ్యి ఉన్నవాటిలో ముఖ్యమైనది జిబ్బరెల్లిన్ అనే హార్మోను. 1926లో తైవాన్‌లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త వరి నారుని పట్టే ఒక బూజు మీద పని చేస్తూ, ఆ బూజు వదిలిన రసమే నారుని విపరీతంగా పొడుగు సాగదీస్తోందని పట్టుకున్నాడు. ఆ దారిన బయటపడ్డ పదార్థాలే జిబ్బరెల్లిన్లు. తర్వాత మొక్కలు కూడా తమంతట తాము వాటిని చేసుకుంటాయని తేలింది. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ పొడుగు బఠాణీ, పొట్టి బఠాణీ అని విడదీసిన లక్షణం కూడా జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టుదే. జీఏ20 అనే రకం జిబ్బరెల్లిన్ని జీఏ1 అనే రకంగా మార్చే మెట్టు అది. కాండాన్ని సాగదీసేది జీఏ1.

1997లో జూ, డేవిస్ వేసిన లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పూసిన జీ2 మొక్కల్లో, పొడుగు పగటి మొక్కల కంటే పొట్టి పగటి మొక్కల్లో జీఏ1 పది పదకొండు రెట్లు ఎక్కువ, జీఏ20 మూడు రెట్లు. పూత రాకముందు పొట్టి పగటి మొక్కల్లో కూడా ఇంత జిబ్బరెల్లిన్ లేదు. అక్కాచెల్లెళ్లు పూసేదాకా ఒకేలా ఉన్నారని కథలో రాసింది అందుకే. ఆక్సిన్ అనే ఇంకో హార్మోను లెక్క వేరు. మొత్తం కాండంలో దానికి పెద్ద తేడా లేదు, కానీ లేత పూమొగ్గలు మాత్రం పొడుగు పగట్లో రెండింతలు ఆక్సిన్‌తో ఉన్నాయి. పొడుగు పగట్లో కొన వైపు జిబ్బరెల్లిన్ తక్కువ, మొగ్గ వైపు ఆక్సిన్ ఎక్కువ, తూకం మొగ్గ వైపు వాలింది అని వాళ్ల అభిప్రాయం. నాలుగో మొక్క కొన మీద తోటమాలి వేసిన చుక్క జిబ్బరెల్లినే. బయట్నుంచి అది అందితే పొడుగు పగట్లో కూడా జీ2 ముసలితనం వెనక్కి జరుగుతుంది.

అంత గుడ్డి దీపం ఇంత పని ఎలా చేస్తుందని అడగొచ్చు. మొక్కకి వెలుగు భోజనమే కాదు, గడియారం కూడా. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ ఉద్యోగులు, ఒక రకం పొగాకు ఎప్పుడు పూయాలో నిర్ణయించేది పగటి పొడుగేనని రుజువు చేశారు. మొక్క ఆ పొడుగు కొలవడానికి పెద్ద ఎండ అక్కర్లేదు, వెలుగుందో లేదో తెలిస్తే చాలు. బఠాణీలో ఆ గడియారం పళ్లచక్రాల్లో రెండు ఎస్ఎన్, హెచ్ఆర్ అనే జన్యువులు. ఎల్‌యూఎక్స్, ఈఎల్ఎఫ్3 పేర్లతో ఇతర మొక్కల్లో రోజు వేళల్ని నడిపే జన్యువులకి ఇవి చుట్టాలని 2010 తర్వాత తేలింది.

ఇక్కడ నా నీతికి నేనే అడ్డం రావాలి. ఎస్ఎన్, హెచ్ఆర్ రెండూ సరిగ్గా ఉన్న వంశాల్లోనే పగటి పొడుగు ఇంత శాసిస్తుంది. వాటిలో ఒకటైనా చెడిన మామూలు బఠాణీలు చాలావరకు చీకటి కొట్లో పెట్టినా దీపం కొట్లో పెట్టినా కాయగానే చస్తాయి. వాటిని "నీ పగలు ఎంత?" అని అడిగి ప్రయోజనం లేదు. తోటమాలి తన ప్రశ్నకి జవాబు చెప్పగల మొక్కల్నే ఏరి తెచ్చుకున్నాడు. కిత్తనార సంగతీ అంతే, దాని చావు పూతతో కట్టేసి ఉంది, దాని పొరపాటంతా తన జాతక చక్రాన్ని బల్ల మీద ఉన్న అందరికీ వేయడంలో ఉంది. కాబట్టి పుట్టుక లేదు, అంతా పరిస్థితేనని ఈ కథ చెప్పట్లేదు. ఒకే పుట్టుక ఉన్న ఇద్దరి విషయంలో గుణం గురించి తీర్పు చెప్పేసిన వాళ్ల గురించి మాత్రమే చెబుతోంది.

ఆ తీర్పులు మన దగ్గర ఎక్కువ. అరిగిపోయిన తల్లికి మనం దండ వేస్తాం, పద్యం చదువుతాం. పిల్లల్ని కని కూడా చదువుకునే, ఉద్యోగం చేసుకునే, రంగు చీర కట్టుకునే ఆడమనిషిని టమాటా చూసినట్టు చూస్తాం. ఇద్దరూ ఒకే ఇంటి ఆడపిల్లలైనా సరే. ఒకామె ఇంట్లో దీపం ఎన్ని గంటలకి ఆరుతుందో, రెండో ఆమెకి వంటింట్లో సాయం చేసే చెయ్యి ఇంకొకటి ఉందో లేదో చూడం. మొదటామె అరిగిపోవడం ఆమె ఎంచుకున్నదేనని అనుకోవడం మనకి సుఖంగా ఉంటుంది, ఆ దీపం ఆర్పే పని మన మీద పడదు కాబట్టి.

బఠాణీల విషయంలో దీపం ఎవరికి లాభమో దాచిపెట్టాల్సిన పని లేదు. అడవి బఠాణీ, దానికి దగ్గరగా ఉండే చలికాలపు పంట రకాలు హెచ్ఆర్ జన్యువుని పదిలంగా ఉంచుకుంటాయి. శరత్తులో మొలిచి, పొట్టి పగళ్లన్నీ ఓపిగ్గా గడిపి, వసంతం వచ్చాక పూయడం వాటి పద్ధతి. బఠాణీ ఉత్తరాది చలి దేశాలకి చేరాక రైతులు వసంతంలో విత్తడం మొదలుపెట్టారు. అక్కడి చిన్న వేసవిలో ఆగి ఆలోచించే మొక్క పనికి రాదు, హెచ్ఆర్ చెడిన మొక్కలు తొందరగా పూశాయి, అవే విత్తనంగా మిగిలాయి. యంత్రాలు వచ్చాక అవసరం ఇంకా పెరిగింది. ఎండు గింజ కోసం వేసిన చేను మొత్తం ఒకేసారి పండి ఎండితేనే కోత యంత్రం ఒక్క చుట్టులో పని ముగిస్తుంది. కింద ఎండుకాయలు, నడుమ పచ్చికాయలు, పైన పూతతో నిలబడే తీగ దాని పళ్లకి చుట్టుకుంటుంది, పచ్చికాయల తేమతో ధాన్యం బూజు పడుతుంది. విత్తనం ఎంచే రైతుకి చెల్లెలి మీద కోపమేమీ లేదు. ఆయన లెక్క ఆయనది, ఆ లెక్కలో మిగిలేది, పగలు ఎంతైనా అక్కలా ఒకేసారి ఎండే మొక్క విత్తనమే.